చొప్పను పాలుగా మార్చేది ఎవరు?

పల్నాడు పల్లెల్లో పొద్దు పొడవక ముందే గొడ్ల పని మొదలవుతుంది. పేడ తీయాలి. కుడితి పెట్టాలి. చొప్ప వేయాలి. పాలు పిండాలి. ఆ తర్వాతే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఈ పని చాలా ఇళ్లలో ఆడవాళ్లదే.

గేదె ఎండు చొప్ప తింటుంది. పాలు ఇస్తుంది. రోజూ చూసేదే కాబట్టి ఇందులో వింత కనపడదు. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. అదే చొప్ప మనిషి తింటే ఏమవుతుంది? కడుపునొప్పి వస్తుంది. బలం మాత్రం రాదు. కోడి ముందు వేస్తే కాళ్లతో చిమ్మి పోతుంది. కుక్క దాని మీద పడుకుంటుందే గాని తినదు. మరి గేదె ఆ ఎండు పుల్లల్లో నుంచి పాలు ఎట్లా తీస్తుంది? ఆ పాలల్లో వెన్న ఎక్కడిది?

నిజం చెప్పాలంటే, చొప్పను అరిగించుకోవటం గేదెకు కూడా చేతకాదు. దాని పొట్టలో కంటికి కనపడని జీవులు ఉన్నాయి. ఆ పని అవి చేసిపెడతాయి. వాటిలో ముఖ్యమైనవి బాక్టీరియా. బాక్టీరియా అనగానే రోగాలు గుర్తుకొస్తాయి. అన్ని బాక్టీరియాలూ రోగాలు తేవు. పాలను పెరుగు చేసేవి కూడా బాక్టీరియాలే. గేదె పొట్టలో ఉండేవి గేదెకు పనివాళ్లు. గేదెను మేపటం అంటే ముందు ఆ పనివాళ్లను మేపటం. ఈ సంగతి తెలియక, ప్రేమతో పెట్టిన తిండితోనే పాడిగేదెను పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి.

గింజ మనిషికి, చొప్ప గొడ్డుకు

పల్నాడు పాతకాలం నుంచీ జొన్న నేల. సుమారు 600 ఏళ్ల కిందటి కవి శ్రీనాథుడు ఇటు వచ్చి, ఎక్కడ చూసినా జొన్నకూడే అని విసుక్కుంటూ పద్యాలు చెప్పాడని అంటారు. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వచ్చాయి. వరి వచ్చింది. మిరప, పత్తి పెరిగాయి. ఇప్పుడు వాముల్లో జొన్న చొప్ప కన్నా వరిగడ్డి ఎక్కువ కనపడుతుంది. అయినా పద్ధతి మారలేదు. గింజ ఇంట్లోకి పోతుంది. చొప్పో గడ్డో గొడ్ల పాకలోకి పోతుంది.

ఒక చిత్రమైన మాట వినండి. జొన్న గింజలో ఉన్నదీ, జొన్న చొప్పలో ఉన్నదీ చాలావరకు ఒకటే. రెండింటిలోనూ ఒక రకం చక్కెర ఉంది. దాని పేరు గ్లూకోజు. నీరసంగా ఉన్నవాళ్లకు ఆసుపత్రిలో ఎక్కించేది ఈ గ్లూకోజే.

నల్లపూసల దండ ఊహించుకోండి. పూస పక్కన పూస గుచ్చినట్లు, గ్లూకోజు పక్కన గ్లూకోజు కలిసి దండలు అవుతాయి. గింజలో ఈ దండ వదులుగా, మెలికలు తిరిగి ఉంటుంది. దీన్ని పిండి పదార్థం అంటారు. చొప్పలో దండ తిన్నగా, బిగువుగా ఉంటుంది. ఒక పూస పైకి చూస్తే, పక్క పూస కిందికి చూస్తుంది. ఇట్లాంటి దండలు ఎన్నో ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని మోకులాగా పేనుకుని ఉంటాయి. దీన్ని సెల్యులోజు అంటారు. పత్తిలో దూది దాదాపు మొత్తం ఈ సెల్యులోజే. అంటే పత్తి ఏరే చేతులు రోజంతా ఏరేది చక్కెర దండలనే. కానీ నాలుకకు తీపి తగలదు.

ఇది మీరే చేసి చూడవచ్చు. ఒక అన్నం ముద్ద నోట్లో పెట్టుకోండి. కూర కలపకండి. మింగకుండా రెండు మూడు నిమిషాలు నమలండి. మెల్లగా తియ్యదనం తెలుస్తుంది. నోట్లో ఊరే ఉమ్మి అన్నంలోని దండను తెంపుతుంది. చిన్న చక్కెర ముక్కలు బయటపడతాయి. అందుకే తీపి. ఇప్పుడు ఒక ఎండు గడ్డిపరక నమలండి. ఎంతసేపు నమిలినా గడ్డి గడ్డిగానే ఉంటుంది. మనిషి ఉమ్మికి ఆ దండను తెంపే శక్తి లేదు. (పచ్చి జొన్నకర్ర నమిలితే తియ్యగా ఉంటుంది కదా అని పిల్లలు అడగవచ్చు. అది కర్రలో ఉన్న రసం తీపి. పీచు తీపి కాదు. రసం పీల్చాక పిప్పిని ఉమ్మేస్తారు.)

గేదె ఉమ్మికి కూడా ఆ శక్తి లేదు. అందుకే దానికి పనివాళ్లు కావాలి.

ఆరేడు బిందెల సంచి

గేదె పొట్టలో నాలుగు గదులు ఉంటాయి. మొదటి గది అన్నిటికన్నా పెద్దది. డాక్టర్లు దాన్ని రూమెన్ అంటారు. ఈ పాఠంలో పెద్ద పొట్ట అందాం. పెద్ద గేదెకు అందులో 100 లీటర్లకు పైగా పడుతుంది. అంటే ఆరేడు బిందెలు. గేదె ఎడమ పక్క డొక్కలో చెయ్యి ఆనించి నొక్కి పట్టుకుంటే, నిమిషానికి ఒకటి రెండు సార్లు లోపల ఏదో పొర్లినట్లు తెలుస్తుంది. లోపల మేత తిరగబడుతూ ఉంటుంది.

అక్కడ చీకటి. గాలి ఆడదు. ఎప్పుడూ వెచ్చగా, నీళ్లగా ఉంటుంది. ఆ జీవులకు అదే ఇష్టం. పెద్ద పొట్టలోని నీళ్లు ఒక చిన్న చెంచాడు తీస్తే, అందులో వేల కోట్ల బాక్టీరియాలు ఉంటాయి. దేశంలో ఉన్న మనుషుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక్క చెంచాలో!

వీటిని పట్టుకుని పెంచటం శాస్త్రవేత్తలకు చాలాకాలం చేతకాలేదు. గాలి తగిలితే అవి చచ్చిపోయేవి. అమెరికాలో రాబర్ట్ హంగేట్ అనే శాస్త్రవేత్త మొదట చెదపురుగుల పొట్టను పరిశీలించాడు. చెదలు కట్టెను తిని ఎట్లా బతుకుతున్నాయన్నది ఆయన ప్రశ్న. తర్వాత గొడ్ల వైపు వచ్చాడు. 1940ల నుంచి గాలి చొరబడని గాజు గొట్టాల్లో ఈ బాక్టీరియాలను పెంచి చూపించాడు. చొప్పను తెంపేది ఎవరో అప్పుడు తేటగా తెలిసింది. 1966లో ఆయన దీని మీద పెద్ద పుస్తకం రాశాడు.

లోపల కత్తెరలు

బాక్టీరియాకు నోరు లేదు. పళ్లు లేవు. మరి చొప్పను ఎట్లా కొరుకుతుంది?

అది తన ఒంటి నుంచి కొన్ని పదార్థాలను తయారు చేస్తుంది. వాటిని ఎంజైములు అంటారు. ఎంజైము అంటే కత్తెర లాంటిది అనుకోండి. అన్నాన్ని తెంపే కత్తెర వేరు. చొప్పను తెంపే కత్తెర వేరు. ఒక కత్తెర చేసే పని ఇంకొకటి చెయ్యలేదు. మన ఉమ్మిలో అన్నం కత్తెర ఉంది. చొప్ప కత్తెర లేదు. చొప్ప కత్తెర పేరు సెల్యులేజు.

చొప్ప తెంపటానికి ఒక్క రకం కత్తెర చాలదు. ఒకటి దండను నడిమధ్యలో తెంపుతుంది. ఇంకొకటి తెగిన కొసను పట్టుకుని రెండేసి పూసలు ఊడదీస్తుంది. మూడోది ఆ జంటను విడదీస్తుంది. కోతకు ముగ్గురు కూలీలు వెళ్లినట్లే. ఒకరు కోస్తారు, ఒకరు కట్ట కడతారు, ఒకరు మోస్తారు.

కొన్ని బాక్టీరియాలు ఇంకా తెలివైనవి. అవి కత్తెరలను నీళ్లలోకి వదిలేయవు. ఒక కర్రకు వరసగా గుచ్చినట్లు ఎన్నో కత్తెరలను ఒంటికే కట్టుకుంటాయి. గడ్డిపరకను గట్టిగా కరిచి పట్టుకుని, ఉన్నచోటనే కోసుకుంటాయి. వచ్చిన చక్కెర పక్కవాడికి పోకుండా ఇది మంచి ఏర్పాటు. 1983లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు వేరే ఒక బాక్టీరియాలో ఈ ఏర్పాటును కనుక్కున్నారు. తర్వాత గొడ్ల పొట్టలోని బాక్టీరియాలో కూడా అట్లాంటిదే కనపడింది.

కత్తెర ఎంత మంచిదైనా, అది తగలాలంటే చొప్ప లోపలికి దారి ఉండాలి. అందుకే గేదె నెమరు వేస్తుంది. ముందు గబగబా మింగుతుంది. తర్వాత తీరిగ్గా పడుకుని, మింగినదాన్ని నోట్లోకి తెచ్చుకుని నములుతుంది. ఎండుమేత తినే గొడ్డు రోజుకు సుమారు 8 గంటలు నెమరుకే ఖర్చు పెడుతుంది. నమిలినకొద్దీ పరక చీలుతుంది. బాక్టీరియాకు చోటు దొరుకుతుంది. నమిలినకొద్దీ ఉమ్మి కూడా ఊరుతుంది. పెద్ద గొడ్డుకు రోజుకు 100 లీటర్ల దాకా ఊరుతుంది! ఆ ఉమ్మిలో తినేసోడా లాంటి పదార్థం ఉంటుంది. ఈ సోడా సంగతి గుర్తుపెట్టుకోండి. దీనితో తర్వాత పని ఉంది.

చొప్పలో దండలను ఒకదానికొకటి అతికించే గట్టి పదార్థం ఇంకొకటి ఉంది. దాని పేరు లిగ్నిన్. గోడలో రాళ్ల మధ్య సున్నం లాంటిది. ఇది ముదిరినకొద్దీ పెరుగుతుంది. పెద్ద పొట్టలోని బాక్టీరియా దీన్ని తెంపలేదు. లేత గడ్డిలో లిగ్నిన్ తక్కువ. ముదిరిన చొప్పలో ఎక్కువ. పత్తి కట్టెలో, మిరప కట్టెలో మరీ ఎక్కువ. అందుకే పత్తి కట్టె పొయ్యిలోకి పోతుంది గాని గాడిలోకి పోదు.

వెన్న ఎక్కడ నుంచి వచ్చింది?

బాక్టీరియా దండను తెంపి చక్కెర తీసింది. ఆ చక్కెర గేదెకు దక్కుతుందా? దక్కదు. బాక్టీరియానే తినేస్తుంది. తిని కొన్ని పుల్లటి పదార్థాలను బయటికి వదులుతుంది. గేదె వాటిని పెద్ద పొట్ట గోడల గుండా పీల్చుకుని బతుకుతుంది. వాటిలో ముఖ్యమైనది వెనిగర్‌లో ఉండే పులుపే. గేదె పొదుగు ఆ పులుపుతో వెన్న తయారు చేస్తుంది.

ఇది పాల కేంద్రంలో లెక్కకు వస్తుంది. కేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బు కడతారు. పాలు పెరగాలని దాణా బాగా పెంచి, గడ్డి తగ్గిస్తే, పాలు పెరిగినట్లు కనపడినా వెన్న శాతం పడిపోతుంది. పీచు మేత తగ్గితే వెన్నకు కావలసిన పులుపు తగ్గుతుంది. "నీళ్లు కలిపావా?" అని కేంద్రంలో అడిగితే ఒళ్లు మండుతుంది. ఆమె చుక్క నీళ్లు కలపలేదు. తగ్గింది గాడిలో గడ్డి.

బాక్టీరియాలు పుడుతూ ఉంటాయి, కొట్టుకుపోతూ ఉంటాయి. మేతతోపాటు నాలుగో గదిలోకి జారినవి అక్కడ అరిగిపోతాయి. గేదెకు కావలసిన మాంసకృత్తుల్లో పెద్ద భాగం ఇట్లా వస్తుంది. పనివాళ్లు చేసిన వంట తిని, చివరికి పనివాళ్లను కూడా తినేస్తుంది గేదె!

పెళ్లిలో మిగిలిన అన్నం

ఇప్పుడు అసలు సంగతి. ఇట్లాంటిది ఏ ఊళ్లోనైనా జరుగుతుంది.

ఒక ఇంట్లో పెళ్లి అయింది. రెండు గంపల అన్నం మిగిలింది. పాకలో ఈని నెల దాటిన గేదె ఉంది. సంఘంలో అప్పు తీసుకుని కొన్నారు.

"ఇంత అన్నం పారబోస్తే పాపం. గేదెకు వెయ్యమ్మాయ్. పాలిచ్చే గొడ్డు, బలం పడుతుంది" అంది అత్త.

"మొత్తమా అత్తా?"

"మొత్తం వెయ్యి. తినలేకపోతే అదే వదిలేస్తుంది."

గేదె వదల్లేదు. రెండు గంపలూ నాకేసింది. ఆ రాత్రి నెమరు వెయ్యలేదు. ఎవరూ గమనించలేదు. తెల్లారేసరికి తల వాల్చి నిలబడి ఉంది. ఎడమ డొక్క ఉబ్బింది. పళ్లు కొరుకుతోంది. పేడ నీళ్లలాగా పడుతోంది, పుల్లటి వాసన వస్తోంది. పాలు గ్లాసెడు కూడా లేవు.

"దిష్టి తగిలింది. నిన్న ఎంతమంది చూశారో!" అంది పక్కింటి పెద్దమ్మ.

కోడలు దిష్టి తీసే దాకా ఆగలేదు. పశువుల డాక్టరుకు ఫోను చేసింది. ఆయన రాగానే ఒక్క ప్రశ్న అడిగాడు. "రాత్రి ఏం పెట్టారమ్మా?"

అత్త చెప్పింది. ఆమె గొంతు వణికింది. "అన్నమే కదయ్యా పెట్టింది! విషం పెట్టలేదు కదా!"

"విషం కాదమ్మా. కానీ గొడ్డు పొట్టలో అన్నం అంతా ఒక్కసారి పులిసింది" అన్నాడు డాక్టరు.

పొట్టలో జరిగింది ఇది. చొప్ప దండ గట్టిది. బాక్టీరియా దాన్ని మెల్లగా తెంపుతుంది. పులుపు కొంచెం కొంచెంగా వస్తుంది. గేదె పీల్చుకుంటూ ఉంటుంది. అన్నం దండ వదులుగా ఉంటుంది, అందులోనూ ఉడికింది. దాన్ని తెంపే బాక్టీరియాలు వేరే ఉన్నాయి. మామూలుగా అవి కొద్దిగానే ఉంటాయి. రెండు గంపల అన్నం దొరికేసరికి అవి గంటల్లో విపరీతంగా పెరిగాయి. అవి వదిలే పులుపు పెరుగులో ఉండే పులుపే. చద్దన్నంలో కొంచెం ఉంటే కమ్మగా ఉంటుంది. ఆరేడు బిందెల పొట్ట అంతా అదే అయితే గొడ్డు తట్టుకోలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అన్నం నమలక్కర్లేదు. నమలకపోతే ఉమ్మి ఊరదు. ఉమ్మిలో సోడా ఉంటుందని చెప్పుకున్నాం కదా. పులుపును విరిచేది ఆ సోడానే. పులుపు పెరిగే వేళకు సోడా తగ్గింది. చొప్పను తెంపే బాక్టీరియాలు పులుపులో బతకలేవు. అవి చచ్చిపోయాయి. పొట్ట గోడ దెబ్బతింది. ఒంట్లోని నీళ్లు పొట్టలోకి లాగేసుకుంది. పులుపు రక్తంలోకి ఎక్కింది. ఇంకా ఆలస్యం చేస్తే గొడ్డు పడిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది.

డాక్టరు సోడా నీళ్లు గొట్టంతో పొట్టలోకి పోశాడు. నరానికి సెలైను ఎక్కించాడు. మూడో రోజున ఒక మంచి గొడ్డు పొట్టలోని రసం తెప్పించి ఈ గేదెకు తాగించాడు. "ఇది మందు కాదు, తోడు" అన్నాడు. పాలు విరిగిపోకుండా పక్కింటి నుంచి తోడు తెచ్చుకున్నట్లే, ఇది బాక్టీరియాల తోడు. నాలుగో రోజు గేదె నెమరు వేసింది. బతికింది. పాలు మాత్రం చాలా రోజులు సరిగా రాలేదు. ఆ రోజులకు కూడా అప్పు వాయిదా కట్టక తప్పలేదు.

అన్నం ఒక్కటే కాదు. నూకలు, జొన్నలు, మొక్కజొన్న పిండి, బెల్లం, ఏదైనా అలవాటు లేకుండా ఎక్కువగా తింటే ఇదే ప్రమాదం. కళ్లం రోజుల్లో పలుపు తెంచుకుని గింజల రాశి మీద పడ్డ గొడ్డును "పోనీలే, కడుపు నిండింది" అని వదిలెయ్యకూడదు. అది నెమరు వేస్తోందా లేదా చూడాలి. నెమరు ఆగిందంటే పొట్టలో పనివాళ్లు పని ఆపేశారని గుర్తు. వెంటనే డాక్టరును పిలవాలి. పశువుల అంబులెన్సు కోసం 1962 నంబరుకు ఫోను చెయ్యవచ్చు, డబ్బులు పడవు. పడిపోయిన గొడ్డుకు గొట్టంతో నూనె, కషాయం లాంటివి పొయ్యకండి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు జబ్బు కన్నా ముందు అదే చంపుతుంది. మందుల షాపులో అడిగి బిళ్లలు తెచ్చి మింగించటం కూడా మంచిది కాదు. కొన్ని బిళ్లలు పొట్టలో ఉన్న మంచి బాక్టీరియాలను కూడా చంపేస్తాయి.

మరి మిగిలిన అన్నం ఏం చెయ్యాలి? అలవాటు లేని గొడ్డుకు పెట్టకండి. రోజూ కుడితిలో కొంచెం తినే గొడ్డు అయితే, గుప్పెడు అన్నం గడ్డిలో కలిపి, ఉన్న గొడ్లన్నిటికీ పంచవచ్చు. మిగిలింది పేడ గుంటలో వేసి మట్టి కప్పండి. అన్నం పారబోస్తే పాపమే కావచ్చు. గేదె పోతే ఆ అప్పు ఎవరు తీరుస్తారు?

ఏ మేత మార్చినా మెల్లగా మార్చాలి. వరిగడ్డి నుంచి పచ్చి పిల్లిపెసరకు, పాత దాణా నుంచి కొత్త దాణాకు మారేటప్పుడు పది పదిహేను రోజులు తీసుకోండి. పాతది కొంచెం తగ్గించి, కొత్తది కొంచెం కలపండి. ఒక రకం పనివాళ్లు తగ్గి, ఇంకో రకం పెరగటానికి ఆ మాత్రం టైము కావాలి.

దూడకు ఈ తోడు ఎట్లా వస్తుంది?

పుట్టిన దూడ పెద్ద పొట్ట చాలా చిన్నది. చొప్పను తెంపే బాక్టీరియాలు అందులో ఉండవనే చెప్పాలి. తల్లి నాకినప్పుడు, పక్క గొడ్ల మేత మూతి పెట్టి కొరికినప్పుడు అవి దూడకు చేరతాయి. అందుకే రెండో వారం నుంచే లేత గడ్డి పరకలు దూడకు అందేట్లు కట్టండి. తినేది కొంచెమే. అయినా పొట్ట పెరుగుతుంది, పని నేర్చుకుంటుంది.

జొన్న నాము

బాక్టీరియాల కత్తెరలు ఎప్పుడూ మేలే చేస్తాయని లేదు. వానలు లేక జొన్న చేను గిడసబారినప్పుడు, కోసిన మోళ్ల నుంచి లేత పిలకలు వచ్చినప్పుడు, వాటిని మేసిన గొడ్డు నిలువునా కూలిపోతుంది. దీన్ని నాము అంటారు. ఆ లేత జొన్నలో ఒక పదార్థం ఉంటుంది. అందులో విషం చక్కెరతో ముడిపడి ఉంటుంది. ముడి ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ. పొట్టలోని బాక్టీరియా చక్కెర కోసం ఆ ముడిని తెంపుతుంది. విషం బయటపడుతుంది. గొడ్డు నిమిషాల్లో రొప్పుతుంది, పడిపోతుంది. డాక్టరు దగ్గర దీనికి ఇంజక్షన్ ఉంది. కానీ ఆయన వచ్చే దాకా గొడ్డు ఆగదు. కాబట్టి ఎండకు వాడిన లేత జొన్నలోకి, మోళ్ల పిలకల్లోకి గొడ్లను వదలవద్దు. పూత వచ్చి ముదిరిన చేలో భయం బాగా తగ్గుతుంది. కోసి బాగా ఎండబెట్టిన చొప్పకు భయం లేదు.

గడ్డిని మాగబెట్టటం

వరిగడ్డిలో బలం తక్కువ. దాన్ని యూరియాతో మాగబెడితే బాక్టీరియాకు పని సులువవుతుంది.

100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు కావాలి. యూరియాను కాటా మీద తూచాలి. చేత్తో అంచనా వెయ్యకూడదు. నీళ్లలో పూర్తిగా కరిగించాలి. గడ్డిని పొరలు పొరలుగా పరిచి, ప్రతి పొర మీదా ఆ నీళ్లు సమంగా చల్లాలి. కాళ్లతో బాగా తొక్కాలి. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, గాలి పోకుండా అంచుల మీద మట్టి వెయ్యాలి. మూడు వారాలు అట్లాగే ఉంచాలి.

లోపల ఏం జరుగుతుంది? గడ్డి మీద ఉండే బాక్టీరియాల్లో ఇంకో రకం ఎంజైము ఉంది. అది యూరియాను ఘాటు వాయువుగా మారుస్తుంది. పట్టా విప్పగానే కళ్లు మండించేది అదే. ఆ ఘాటు గడ్డిలోని సున్నం పట్టును, అంటే లిగ్నిన్ పట్టును వదులు చేస్తుంది. గడ్డి మెత్తబడి పసుపు రంగుకు వస్తుంది. పెద్ద పొట్టలో కత్తెరలకు దారి దొరుకుతుంది. మిగిలిన ఘాటు బాక్టీరియాకు ఎరువు లాగా పని చేస్తుంది.

కావలసినంత గడ్డి బయటికి తీసి, ఒక గంటైనా ఆరబెట్టి వెయ్యాలి. మొదట మామూలు గడ్డిలో కొంచెం కలిపి అలవాటు చెయ్యాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా కలిపిన నీళ్ల బకెట్టు గొడ్డుకు అందే చోట పెట్టవద్దు. ఆ నీళ్లు నేరుగా తాగిన గొడ్డు బతకటం కష్టం. ఉత్త యూరియా దాణాలో చల్లటం కూడా అంతే ప్రమాదం.

ఇంత పని చెయ్యలేకపోతే గడ్డిని చిన్న ముక్కలు చేసి వేసినా మేలే. దుబారా తగ్గుతుంది. ఏరి పారేసే కాడలు కూడా తింటుంది.

చొప్ప కొనేవాళ్లకు తెలిసిన రహస్యం

చొప్ప అంతా ఒకటి కాదని గొడ్లు ఉన్నవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. చేత్తో విరిచి, వాసన చూసి, ఆకు ఎంత ఉందో చూసి ధర చెబుతారు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ ఉంది. అక్కడే పశువుల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ వాళ్లు కూడా పని చేశారు. హైదరాబాదులో చొప్ప అమ్మే చోట్ల నుంచి వాళ్లు రకరకాల చొప్ప తెచ్చి పరీక్ష చేశారు. గొడ్డు పొట్టలోని రసంతో కలిపి ఎంత అరుగుతుందో చూశారు. ఎక్కువ ధర పలికిన చొప్ప ఎక్కువ అరిగింది. కొద్దిపాటి తేడాకే ధరలో పెద్ద తేడా ఉంది. ల్యాబులో తేలినదీ, బేరమాడే మనిషి చేతికి తెలిసినదీ ఒకటే అయింది. అందుకే విత్తనం ఎంచుకునేటప్పుడు ఎకరానికి ఎన్ని బస్తాలు పండుతుందని మాత్రమే కాదు, చొప్ప ఎట్లా ఉంటుందని కూడా అడగాలి. ఆ ప్రశ్న మగవాళ్లు ఎక్కువగా అడగరు. గాడిలో చొప్ప వేసేవాళ్లు అడగాలి.

ఈ కత్తెరలకు ఇప్పుడు బయట కూడా గిరాకీ ఉంది. 2022 ఆగస్టు 10న హర్యానాలోని పానిపట్‌లో వరిగడ్డితో ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ మొదలైంది. ఇథనాల్ పెట్రోలులో కలిపే సారాయి లాంటి పదార్థం. అక్కడ కూడా పద్ధతి ఇదే. ముందు గడ్డిని మెత్తబరుస్తారు. ఎంజైములతో దండలు తెంపి చక్కెర చేస్తారు. తర్వాత పులియబెడతారు. ఇట్లాంటి ఫ్యాక్టరీలకు వాడే ఎంజైములు ఎక్కువగా బూజు జాతి నుంచి తీసినవి. అంత పెద్ద ఫ్యాక్టరీ, అన్ని యంత్రాలు! గేదె అదే పనిని పాకలో పడుకుని, కళ్లు మూసుకుని, నెమరు వేస్తూ చేస్తుంది.

సంఘంలో మాట్లాడుకోండి

మీ ఊళ్లో గొడ్డు ఉబ్బి చనిపోయిన సంగతి ఎవరికైనా గుర్తుందా? ఆ ముందు రోజు అది ఏం తిన్నది?

మీ గేదె ఈ రోజు ఎంతసేపు నెమరు వేసింది? రేపు చూసి రాసుకోండి.

మేత మార్చిన వారంలో పాల కేంద్రం చీటీలో వెన్న శాతం పెరిగిందా, తగ్గిందా? పాత చీటీలు పక్కన పెట్టి చదవండి.

మీ ఇంటి గోడ మీద పశువుల డాక్టరు ఫోను నంబరు, 1962 నంబరు పెద్ద అంకెలతో రాయండి.